వెళ్ళొస్తా పిన్నీ

"మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని అడిగింది పిన్ని, గుమ్మంలో నిలబడి.

సూట్‌కేసుని టాక్సీ డిక్కీలోకి తోస్తున్న అమ్మాయి బిక్కమొహం వేసింది. దేశం కాని దేశం చదువుకోడానికొచ్చి ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో పై గదిలో ఉంది. ఇవాళ ఖాళీ చేసి కాలేజీ పక్కనే ఉన్న స్నేహితురాలి గదికి మారిపోతోంది. ఆ సంగతి ముందే చెప్పింది కూడాను. మరి ఈ ప్రశ్నేమిటి?

పిన్ని అంటే సొంత పిన్ని కాదు, ఇంటావిడ. పేరు పెట్టి పిలవమంది గానీ, అంత పెద్దావిడని పేరుతో పిలవడానికి నోరు రాక అమ్మాయే పిన్నిని చేసుకుంది. దాంతో ఆవిడ మొగుడు చచ్చినట్టు బాబాయి అయ్యాడు.

"అదే, ఇందాక వెళ్ళొస్తానన్నావుగా?" అంది పిన్ని.

అప్పుడు వెలిగింది అమ్మాయికి. గడప దాటుతూ వాళ్ళ భాషలో, మాటకి మాట దించేసి, "వెళ్ళొస్తాను" అనేసింది. మరేమంటుంది? 'పోతున్నా' అంటే మన ఇళ్ళల్లో నెత్తిన మొట్టరూ? కానీ అక్కడివాళ్ళు మాట ఎంతో అర్థం కూడా అంతే అనుకునే రకం. వెళ్తానంటే వెళ్ళాలి, వస్తానంటే రావాలి.

"రాత్రి భోజనానికొస్తావా?"

"చూస్తాను పిన్నీ."

మన 'చూస్తాను'కి రాననే అర్థం. ఆ ముక్క పిన్నికి ఎవరు చెబుతారు? సాయంత్రం ఫోన్ మోగింది.

"చూస్తానన్నావు. చూశావా? మేం బల్ల ముందు కూర్చున్నాం."

రెండు బస్సులు మారి పరిగెత్తింది అమ్మాయి. ఉప్పూ కారం ఎరగని ఉడకేసిన కూరల్ని కళ్ళు మూసుకుని మింగింది. బతుకు జీవుడా అని లేచి, గుమ్మంలోకొచ్చేసరికి నోరు దానంతటదే తెరుచుకుంది.

"వెళ్ళొస్తా పిన్నీ!"

నాలిక కరుచుకునే లోపే పిన్ని, "అయితే రేపు!" అంది.

మర్నాడూ అదే తంతు. ఆ మర్నాడూ అదే. పరీక్షలు నెత్తి మీదికొచ్చాయి. పుస్తకం తెరుద్దామంటే సాయంత్రమంతా బస్సుల్లోనే సరిపోతోంది. తెరిచినా, ఆ కుదుపులకి అక్షరాలు కళ్ళ ముందు గంతులేస్తున్నాయి.

"నీ మొహమాటం తగలెయ్యా! ఘాటుగా కూర చేసి పెడితే రోజూ నేనొక్కదాన్నే మెక్కాలా?" అని గరిటె ఎత్తింది స్నేహితురాలు. "ఇవాళ 'వెళ్తున్నా, ఇక రాను' అని మొహమ్మీదే చెప్పి రా."

"అదేం మాటే! వినడానికే ఎలాగో ఉంది. పాపం, సొంత కూతుర్లా చూసుకుందావిడ. మనసు కష్టపెట్టుకోదూ?"

"అయితే పరీక్ష తప్పి, ఆవిడకే దత్తత వెళ్ళిపో."

ఆ మాటతో అమ్మాయి గబగబా బస్సెక్కింది. దారి పొడుగునా పెదాలు కదుపుతూ 'వెళ్తున్నా, ఇక రాను' అని వల్లె వేసుకుంటూ పోయింది. పక్క సీట్లో ముసలాయన భయపడి లేచి ఇంకో సీటుకి మారాడు.

కాలింగ్ బెల్ నొక్కింది.

"ఎవరూ?"

"నేనే పిన్నీ!"

లోపల మెట్ల మీద దబదబా అడుగులు. పైనెక్కడో తలుపు ధడాలున మూసుకుంది. చాలాసేపటికి పిన్ని రొప్పుతూ వచ్చి తలుపు తీసింది. బల్ల దగ్గర బాబాయి సగం తిన్న ప్లేటొకదాన్ని గబుక్కున తన వైపుకి లాక్కున్నాడు. ఆయన ముందు అప్పటికే ఇంకోటి ఉంది. నా కోసం ఎదురుచూసీ చూసీ ఆకలికి ఆగలేకపోయాడు కాబోలు, అని అమ్మాయికి ప్రాణం ఉసూరుమంది. ఇంత మంచివాళ్ళకి ఆ మాట చెప్పడమెలా?

కూర్చోలేదు. కూర్చుంటే ఇక ఆ మాట నోట రాదు.

"పిన్నీ... నేను వెళ్తున్నాను."

"ఇప్పుడేగా వచ్చావు! వెళ్ళి ఎప్పుడొస్తావు?"

"రాను."

బాబాయి చేతిలో చెంచా ఠంగుమని కింద పడింది.

"రేపా?" అంది పిన్ని, నెమ్మదిగా.

"రేపూ రాను. ఎల్లుండీ రాను. ఇక అసలు రాను పిన్నీ!" అంటూ అమ్మాయి భోరుమంది. "నన్ను క్షమించండి. మా దగ్గర వెళ్ళొస్తానంటే వెళ్తాననే అర్థం. వస్తానని కాదు."

"వస్తానని కాదా?"

"కాదు పిన్నీ."

"ఒట్టు?"

"ఒట్టు!"

పిన్ని ఒక్క ఉదుటున వచ్చి అమ్మాయిని వాటేసుకుంది. ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళు. బాబాయి గోడ వైపుకి తిరిగి నిలబడ్డాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏ జన్మ రుణమో, కన్నవాళ్ళు కూడా ఇంతలా బాధపడరేమో అనిపించింది అమ్మాయికి. ఇంకొక్క క్షణం ఉంటే మనసు మారిపోతుందని గిరుక్కున తిరిగి గడప దాటింది. "వెళ్ళొ..." దాకా వచ్చిన మాటని రెండు చేతులతో నోరు నొక్కుకుని ఆపేసింది.

వెనక తలుపు మూసుకుంది. కళ్ళు తుడుచుకుంటూ వీధిలోకొచ్చేసరికి, తెరిచి ఉన్న కిటికీలోంచి పిన్ని గొంతు ఖంగుమని వినిపించింది.

"కొత్తమ్మాయ్, ఇక బీరువాలోంచి బయటికి రా తల్లీ, ఆ గది నీదే! పాతమ్మాయి మళ్ళీ రానని ఒట్టేసింది!"