మొదటి ఇల్లు

చిన్నకోడలి కాళ్లు గడపలోనే ఆగిపోయాయి. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి దివ్యసత్ప్రసాదం, అంటే చర్చి పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం, అందించే పనిని ఫాదర్ గారు ఈరోజే ఆమెకు అప్పగించారు. మొదటి ఇల్లే తోటికోడలిది. ఇద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు. మొహం మీదే పొమ్మంటే?

“వచ్చావా?” మంచం మీంచి పెద్దకోడలు తల తిప్పింది.

“ఫాదర్ గారు పంపారు. వద్దంటే వెళ్లిపోతా.”

“ముందు కూర్చో. గడపలోనే నిలబడిపోయావేం?”

“భయమేస్తోంది.”

“నాకూ పొద్దుట్నుంచీ అదే. నువ్వొస్తున్నావని చెప్పారు. నా ఇల్లొక్కటీ దాటేసి పోతావేమోనని…” ఆమె పక్కకు జరిగి మంచం మీద చోటిచ్చింది.

చిన్నకోడలు చేతిలోని భరిణె మూత తీసి, సత్ప్రసాదాన్ని పైకెత్తింది.

“క్రీస్తు శరీరం.”

పూజలో లేని మాట ఒకటి కలిపింది.

“అక్కా.”

పెద్దకోడలు ముందు ‘ఊఁ’ అని పలికింది, ఆ తర్వాతే ఆమెన్ అంది.