గోదాట్లో పడ్డ చెప్పు

"పెళ్లయ్యి మీ ఊరొస్తుంటే పడవలో మీ కండువా గోదాట్లో పడిపోయింది. గుర్తుందాండీ?" అంది బుల్లెమ్మ.

మూతలు పడుతున్న కళ్లు తెరిచాడు గంగబాబు.

"కండువా ఏంటే నీ మొహం! పడింది నీ చెప్పు."

"నా చెప్పా?"

"మరి నాదా? పెళ్లికని మీవాళ్లు కొత్తగా కొన్న చెప్పులు. కోటిపల్లి రేవు దాటేమో లేదో కాళ్లు నీళ్లలో పెట్టి ఆడించేవు, పోయింది. ఒక్కదాంతో ఏం చేసుకుంటావని రెండోది నేనే గిరాటేసేను."

అమలాపురంలోని ఆ డయాలసిస్ గదిలో మంచాలన్నీ నవ్వాయి. నవ్వవా మరి! చేతికి సూదులు గుచ్చుకుని గంటల తరబడి కదలకుండా పడుకునేవాళ్లకి గంగబాబు పెళ్లి కబుర్లే కాలక్షేపం. ముక్తేశ్వరం నుంచి మొగుడూ పెళ్లాల ఆటో కాస్త ఆలస్యమైతే, "ఇంకా రాలేదేంటండీ?" అని నర్సుని అడిగేవాళ్లు కూడా ఉన్నారు.

కానీ బుల్లెమ్మకి అవి సరదా కబుర్లు కావు. క్రితం నెల మిషను మీద ఉండగానే గంగబాబుకి బీపీ పడిపోయింది, ఫిట్స్ వచ్చాయి. ప్రాణమైతే దక్కింది గానీ జ్ఞాపకం దెబ్బతింది. చిన్ననాటి సంగతులు, పెళ్లినాటి ముచ్చట్లు నిలిచాయి. ఆ తర్వాత నడిచిన సంసారమంతా తుడిచిపెట్టుకుపోయింది. కన్నకొడుకు దుర్గాశ్రీనివాస్ ఎదురుగా నిలబడి "నాన్నా" అంటే, "తమరెవరండీ?" అన్నాడు. పాపం, ఆ అబ్బాయి వరండాలోకి పోయి గోడకి తల ఆనించి ఏడ్చాడు.

"ఇంకోసారి అలా పడిపోతే గుండె తట్టుకోదమ్మా" అని డాక్టరు ఆనాడే చెప్పాడు. "కళ్లు మూస్తే నిద్రేలే అనుకోకండి. మాట్లాడిస్తూ ఉండండి. మాట ఆగిందంటే వెంటనే సిస్టర్ని పిలవండి."

మాట్లాడించడమంటే మాటలా? మామూలుగా ఏదడిగినా "ఊ" అని కళ్లు మూసేస్తాడు. తప్పు చెబితే మాత్రం ఊరుకోడు. ఇంటికొచ్చిన శుభలేఖలో తప్పులు దిద్ది, ఇచ్చినవాళ్లకే తిరిగిచ్చిన ఘనుడు మరి.

"కావాలనే తప్పులు చెప్తున్నారు కదండీ?" నర్సు శారోన్ గుసగుసగా అడిగింది.

"ఆయ్" అని నవ్వింది బుల్లెమ్మ. మళ్లీ మొగుడివైపు తిరిగింది. "మేళం మన పడవలోనే ఉంది కదండీ. చెవులు చిల్లులు పడిపోయేయి."

"మన పడవలో మేళమెక్కడే! వెనక పడవలో వచ్చేరు. గాలి ఇటు తిరిగితే సన్నాయి వినపడేది, అటు తిరిగితే లేదు. ఎంత బాగుండేదో! నీ జడలో మల్లెపూలు, ఆ ఎండ, ఆ తెరచాప..."

"ముక్తేశ్వరం రేవులో నేను ఉత్తకాళ్లతో బురదలో నడిచేను. మీరు చూస్తా ఊరుకున్నారు."

"ఊరుకున్నానా! నడవనని భీష్మించుక్కూచున్నావు. అంత జనంలో ఎత్తుకుని దింపేను. మా నాన్న ఆముదం తాగినట్టు మొహం పెట్టేడు."

"నాకు సిగ్గెయ్యలేదా?"

"నీకా! నా చెవిలో ఏమన్నావో మర్చిపోయేవా?"

"ఏమన్నాను?"

శారోన్ ఫక్కున నవ్వింది. "అన్నది మీరు కదండీ అమ్మగారూ!"

గంగబాబు గొంతు తగ్గించాడు. "ఇంకో ఆడదాన్ని ఇలా ఎత్తుకున్నారంటే చూడండి అన్నావు. ఎత్తుకోనని గోదారి సాక్షిగా ఒట్టేసేను కదే."

బుల్లెమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. పక్క మంచం మీది పెద్దావిడ కూడా ఒత్తుకుంది. అంత ప్రేమ చూస్తే ఎవరి కళ్లు చెమర్చవు?

ఇంకాసేపట్లో మిషను ఆపేస్తారనగా గంగబాబు నుదుట చెమట పట్టింది. మాట ముద్దగా వచ్చి, ఆగిపోయింది.

"సిస్టర్!"

శారోన్ పరుగున వచ్చింది. మంచం కాళ్లవైపు ఎత్తి, సెలైన్ వదిలింది. "బీపీ బాగా పడిపోయిందండి. పిలుస్తానే ఉండండి, ఆపకండి!"

బుల్లెమ్మకి తప్పులు అల్లే తెలివి ఏమైపోయిందో, మనసులో ఉన్నదే పైకొచ్చేసింది.

"ఏమండీ! వరదల్లో నాకు నొప్పులొస్తే నడుంలోతు నీళ్లలో పోయి మంత్రసానిని తీసుకొచ్చేరు. బాబుని ముందు మీ చేతుల్లోనే పెట్టింది. నాకంటే మీరే ఎక్కువ ఏడ్చేరు. గుర్తు తెచ్చుకోండి, ఏమండీ!"

గంగబాబు రెప్ప కూడా కదపలేదు.

ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. దాన్ని మింగేసి, అతని చెవి దగ్గరకి వంగింది.

"పడిపోయింది ఎడంకాలి చెప్పే కదండీ?"

పెదవులు కదిలాయి.

"కుడి... కుడికాలిదే. నీకేదీ సరిగ్గా గుర్తుండదు."

శారోన్ గట్టిగా ఊపిరి వదిలింది. బీపీ మెల్లమెల్లగా పైకొచ్చింది. బుల్లెమ్మ కొంగుతో అతని నుదుటి చెమట తుడిచింది.

సూదులు తీసి పట్టీ వేశాక గంగబాబు హాయిగా నిద్రపోయాడు. శారోన్ బుల్లెమ్మకి మంచినీళ్లు ఇచ్చి పక్కనే కూర్చుంది.

"కన్నకొడుకుని కూడా మర్చిపోయేరు గానీ మిమ్మల్ని మాత్రం మర్చిపోలేదండి. అంత అదృష్టం ఎవరికుంటుంది చెప్పండి?"

బుల్లెమ్మ నిద్రపోతున్న మొగుడి మీద దుప్పటి సర్ది, అతనికి వినపడకుండా అంది.

"అది మా అక్క పెళ్లమ్మా. తను పోయేక నన్ను చేసుకున్నారు. ఆ పడవలో నేను తోడపెళ్లికూతుర్ని."