గోడ మీది ముప్పై

"ముప్పై చెరుపు! వంద రాయి!" అంటూ ఐలేశ్ సక్రిని జుట్టు పట్టి పంచాయతీ గోడకేసి కొట్టాడు.

సున్నం ఇంకా ఆరలేదు. దాని మీద సక్రి నొసటి నెత్తురు చారగా అంటుకుంది. చుట్టూ పాతికమంది రైతులు, చేతుల్లో కర్రలు, ఇనుప రాడ్లు, గొడ్డళ్లు. ఆపేవాడు ఒక్కడూ లేడు.

వీధి చివర ఆ కేకలు విని దుర్గయ్య పరుగెత్తాడు. అరవై దాటినా కాళ్లలో సత్తువ ఉంది. పైగా కొడుతున్నవాడు తన కన్నకొడుకు.

ఆ గోడ దుర్గయ్య పరువు. ఆరేళ్ల కిందట ఊళ్లో బోర్లు వరసబెట్టి ఎండిపోతే, ఈ నీటి లెక్క మొదలుపెట్టించింది ఆయనే. వాన ఎంత పడింది, భూమిలోకి ఎంత దిగింది, ఏ పంట ఎంత తాగుతుంది, అన్నీ కూడి, తీసి, యాసంగికి ఎన్ని ఎకరాల వరి వేయొచ్చో గోడకెక్కిస్తారు. ఆ ఎకరాలను రైతుల పేర్ల మీద పంచుతారు; ఆ అంకె దాటి ఎవరూ నాటకూడదు. ఊరి బోరులోకి టేపు దించి నీటి లోతు చూసి, తేలిన అంకె గోడ మీద రాసే పని తండా మనిషి సక్రికి అప్పగించిందీ ఆయనే. టేపు కొస నీళ్లు తాకితే పైనున్న డబ్బా కూత పెడుతుంది. ఆ లోతును బట్టే అంకె తేలుతుంది.

"భూమి ఉన్నోడు తన మడి దిక్కే మొగ్గుతడు. సక్రికి గుంట జాగ లేదు. ఆమెకెందుకు అబద్ధం?" అని అప్పట్లో ఊరందరినీ ఒప్పించాడు. ఆరేళ్లలో ఒక్క లెక్కా తప్పలేదు.

ఈ ఏడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. లెక్క సరిచూసే ఆఫీసువాళ్లు నెల నుంచి ఇటు రాలేదు. బొగ్గు గనులు ఆగి కరెంటూ లేదు. మోటార్లు తిరగక ఎవరి బోరులో ఏముందో ఎవరికీ తెలియదు. అందరికీ ఆ గోడే దిక్కు. ఆ గోడేమో ఊరంతటికీ ముప్పై ఎకరాలే అంటోంది.

"రేపు తెలంగాణ వస్తది, కాలువలు పారుతయ్! గీమె ముప్పై అంటది. గిది ఆంధ్రోళ్ల లెక్క!" ఐలేశ్ అరిచాడు. గుంపు ఊగిపోయింది.

"వందైతే నాట్ల కూలి నీకే గదనే ఎక్కువొచ్చేది? రాయడానికి ఏం రోగమే?" అన్నాడు గుంపు వెనకనుంచి బిక్షపతి అనే రైతు.

"సంపుండ్రి. వంద రాయ," అంది సక్రి. "ముప్పై కూడ..." అని ఏదో అనబోయింది. ఐలేశ్ మూతి మీద గుద్దాడు. పళ్లు రెండు రాలి నేల మీద పడ్డాయి.

దుర్గయ్య అడ్డం పడ్డాడు.

"ఇడువురా! లెక్క లెక్కే!"

"తప్పుకో నాయినా. నాలుగెకరాలకు ఇత్తనం తెచ్చిన. ముప్పైల నా పేరే లేదు. రాసే చెయ్యి లేకుంటే గీ లెక్కే ఉండదు!"

ఐలేశ్ గొడ్డలి ఎత్తాడు. సక్రి కుడిచెయ్యి గోడకు ఆని ఉంది.

దుర్గయ్య పక్కవాడి చేతిలోని ఇనుప రాడ్డు గుంజుకుని కొట్టాడు. మోచెయ్యి విరిగి గొడ్డలి కిందపడింది. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. ఆరేళ్ల నమ్మకమంతా చేతిలోకి వచ్చినట్టు రెండో దెబ్బ నెత్తిన పడింది.

ఐలేశ్ కూలిపోయాడు. చెవిలోంచి నెత్తురు. గుంపు చెప్పులు వదిలేసి పారిపోయింది.

బస్సులు లేవు. ట్రాక్టర్ మీద ఇద్దరినీ జనగామ దవాఖానకు తీసుకెళ్తున్నారు. రైల్వే గేటు దగ్గర దుర్గయ్య ఒళ్లోనే ఐలేశ్ ఊపిరి ఆగింది. దుర్గయ్య ఏడవలేదు. కండువాతో కొడుకు ముఖం తుడిచి, మూలన ముడుచుకున్న సక్రి తల మీద చెయ్యి పెట్టాడు.

"నా కొడుకు పోయిండు బిడ్డా. పోనీ. నీ లెక్క నిలబెట్టిన. నిజం నిలబెట్టిన."

సక్రి ఆయన కాళ్లు పట్టుకుని భోరుమంది.

"బాపూ, టేపు అడుగుదాక దించినా డబ్బ కూయలే, నాట్లు లేకుంటే మా తండ ఆడోళ్లకు కూలి ఉండదని ముప్పై నేనే పుట్టించిన."