ఎడమ మలుపు

కారు మళ్లీ వెళ్లి గోడను గుద్దుకుంది.

"ఇది ఎడం పక్కకి తిరగట్లేదమ్మా," అన్నాడు బుల్లిరాజు కూతురితో, చేతిలోని కంట్రోలర్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తూ. "కుడికి బాగానే వెళ్తోంది. ఎడమకి మాత్రం ఎంత నొక్కినా సగమే."

దుర్గాశ్రీ పుస్తకం మూసి కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. ఆమె ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న కంప్యూటర్ అది. అందులోని కార్ల పందెం ఆట అంతకంటే పాతది. భీమవరం నుంచి చెన్నైకి రొయ్యల లోడు తోలే బుల్లిరాజుకి ఇంట్లో ఉన్న రోజున అదే కాలక్షేపం. రోడ్డు మీద లారీని నిదానంగా నడిపే మనిషి, ఆటలో మాత్రం కూతురిని ఎప్పుడూ ముందుకు పోనిచ్చేవాడు కాదు.

"పాత ఆట కదా నాన్నా, కొత్త విండోస్‌తో పేచీ పెడుతుంది. సెట్టింగ్ మార్చి చూస్తాను, ఉండు."

కంట్రోలర్ మీద ఎడమ బొటనవేలితో తిప్పే స్టిక్‌ని కాస్త కదిపినా చాలు, కారు తిరిగేలా మార్చింది. బుల్లిరాజు ఉత్సాహంగా కుర్చీ అంచుకి జరిగి ఆట మొదలుపెట్టాడు. మొదటి ఎడమ మలుపులోనే గోడ.

"కేబులేమోనమ్మా," అన్నాడు.

ఆమె కేబుల్ తీసి వేరే పోర్టులో పెట్టింది. కంట్రోలర్‌ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించింది. ఆఖరికి ఆటనే చెరిపేసి కొత్తగా ఎక్కించింది. ప్రతిసారీ ఆయన ముందుకు జరిగి కూర్చోవడం, కారు నేరుగా వెళ్లి గోడకి కొట్టుకోవడం.

"అయితే కంట్రోలరే పోయింది. వస్తువన్నాక అరిగిపోతుంది కదా?"

"అంతే నాన్నా. ఉమాశ్రీ వాళ్లింట్లో కొత్తది ఉంది, తెస్తాను."

స్నేహితురాలి ఇల్లు పక్క వీధిలోనే. ఇంకా డబ్బా వాసన పోని కంట్రోలర్ తీసుకుని వెంటనే వచ్చేసింది. బుల్లిరాజు దాన్ని పసిపిల్లను అందుకున్నట్టు రెండు చేతులా అందుకున్నాడు. కారు కుడి మలుపు నున్నగా తిరిగింది. తర్వాత ఎడమ మలుపు వచ్చింది.

గోడ.

బుల్లిరాజు అరచెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. "ఇదీ అంతేనేంటి?" అన్నాడు చిన్నగా.

"కొత్తది పెట్టాక ఒకసారి సరిచూసుకోవాలి నాన్నా. అది చేయలేదుగా." ఆమె విండోస్‌లో కాలిబ్రేషన్ తెరిచింది. తెర మీద తెల్లటి గడి, దాని మధ్యలో చిన్న ప్లస్ గుర్తు. "స్టిక్‌ని అన్ని వైపులకీ చివరిదాకా నొక్కు. ఆ గుర్తు అంచుని తాకాలి."

గుర్తు పైకి వెళ్లింది, కిందికి వెళ్లింది. కుడి అంచుని తాకింది. ఎడమకి సగం దూరం వెళ్లి, అక్కడే వణుకుతూ నిలబడింది.

"చివరిదాకా నాన్నా."

"చివరిదాకానే నొక్కుతున్నానమ్మా."

అప్పటిదాకా తెర వంకే చూస్తున్న దుర్గాశ్రీ ఈసారి ఆయన చెయ్యి చూసింది. స్టిక్ ఇంకా పక్కకి వెళ్లడానికి చోటుంది. దాని మీది బొటనవేలే వణుకుతోంది. మోచేతి కింద ఎడమ చెయ్యి కుడిచేతి కంటే బాగా సన్నగా ఉంది. ఇన్నాళ్లూ ఇది ఎలా చూడలేదో ఆమెకి అర్థం కాలేదు.

"ఏదీ, ఇలా ఇవ్వు."

బుల్లిరాజు కంట్రోలర్ ఆమెకిచ్చి, కంప్యూటర్ వెనకాల కేబుల్ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి వంగాడు. ఆమె స్టిక్‌ని అలా కదిపిందో లేదో గుర్తు ఎడమ అంచుకి వెళ్లి తాకింది. చటుక్కున వేలు తీసేసింది.

"నువ్వు ఆడి చూడమ్మా," అన్నాడు ఆయన లేచి నడుం సరిచేసుకుంటూ. "నీకు తిరుగుతోందేమో."

దుర్గాశ్రీ ఆట మొదలుపెట్టింది. ఎడమ మలుపు దగ్గర స్టిక్ మీంచి బొటనవేలు పైకెత్తి ఉంచింది. కారు తిన్నగా వెళ్లి గోడను గుద్దుకుంది.

"నాకూ తిరగట్లేదు నాన్నా. ఇదీ పాడైందే."

బుల్లిరాజు తెర వంక చూడలేదు. కూతురి మొహం వంకే చూశాడు.

వంటింట్లోంచి తల్లి సత్యకుమారి గొంతు వినిపించింది. "ఏవండీ, సాయంత్రం లోడుకి క్యారేజీ సర్దెయ్యనా?"

"సర్దు," అన్నాడు.

దుర్గాశ్రీ లేచి వెళ్లి తండ్రికి అడ్డంగా నిలబడింది.

"ఈ పూట బండి ఎక్కొద్దు నాన్నా."

"ఎందుకమ్మా?"

ఆమె ఆయన ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఆ వేళ్లు ఆమె చేతిని పట్టుకోవాలని చూశాయి. మూసుకోలేకపోయాయి.

"రేపు రాజమండ్రి వెళ్లి పెద్ద డాక్టర్‌కి చూపించుకుందాం," అంది. "ఏం కాదు. ఒక్కసారి చూపించుకుని వచ్చాక వెళ్దువుగాని. అప్పటిదాకా డ్రైవింగ్ వద్దు, నా మాట విను."

ఆమె కళ్లనీళ్లు తుడవడానికి ఆయన కుడిచెయ్యి ఎత్తాడు. వంటింటి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మీ అమ్మకింకా చెప్పలేదు. లారీలోనూ ఎడం చేత్తో గేరు పడట్లేదని గేర్‌బాక్సు విప్పించి చూపించాను, అది బాగానే ఉందన్నారు," అన్నాడు. "తాళాలు పోయిన వారమే ఓనరు గారికి ఇచ్చేసి వచ్చానమ్మా."