మంచం కింద రూతు

"సైరన్ కూసే టైమయింది. జల్దీ మంచం కిందికి పో" అంది సుకుమారి, టిఫిన్ డబ్బాకు మూత బిగిస్తూ.

ఐదేళ్ల రూతు గోనెసంచి లాక్కుని నులక మంచం కిందికి దూరింది.

"నేనొచ్చి పిలిసేదాక బయటికి రావద్దు. సైరన్ కూస్తే కంపెనీ గేట్ల నుంచి బూచోడొస్తడు. ఎర్క గదా?"

"ఎర్కనే అమ్మా."

పటాన్‌చెరులో కొత్తగా లేచిన మందుల కంపెనీలో సుకుమారిది ప్యాకింగు పని. భర్త పోయి ఏడాది. మొదట్లో పిల్ల వెంటపడి బొంబాయి రోడ్డు దాకా ఉరికొచ్చేది. మనిషిని చూసి లారీలు ఆగే రోడ్డు కాదది. బతిమాలింది, రెండు దెబ్బలు వేసింది, ఏదీ పనిచేయలేదు. రోజూ పిల్ల ఇక్కడ ఏడ్చేది, తను దారి పొడుగునా ఏడ్చేది. ఇక లాభం లేదని బూచోణ్ణి పుట్టించింది. మర్నాటి నుంచి రూతు కుక్కిన పేనులా పడి ఉంటోంది.

పక్క గది అనీస్ బేగంకు ఈ పద్ధతి నచ్చలేదు.

"పిల్లను గిట్ల భయపెట్టి పెంచుతవా బేటీ? రొట్టె ఇస్త రమ్మన్నా బయటికి రాదు. జెర కూసోబెట్టుకోని, రోడ్డు మీద లారీలున్నయి, అమ్మ మాపటికి వస్తది అని చెప్పరాదు? సమజైతది."

"చెప్పే ఓపిక ఏడున్నది ఖాలా? పొద్దంత నిలబడి కాళ్లు పీకుతున్నయి. భయముంటే మాట వింటది. నాకు గదే సాలు."

ఓపిక లేదన్నది అబద్ధమేమీ కాదు.

ఆ రోజు అన్నాల వేళ కాకముందే సైరన్ కూసింది. కూసి ఆగలేదు. గ్యాసు లీకయిందని ఎవరో అరిచారు. పచ్చటి పొగ తాముండే గదుల వైపే మళ్లింది. జనమంతా చర్చి ఉన్న మిట్ట మీదికి ఉరుకుతుంటే సుకుమారి ఒక్కతే ఎదురు ఉరికింది. సైరన్ కూసిందంటే రూతు మంచం కిందే ఉంటుంది. ఎవరు పిలిచినా రాదు. అలా పెంచింది తనే కదా, ఇంకెవర్నని ఏం లాభం.

కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గదిలోకి దూరి, మంచం కింద తడిమింది. గోనెసంచి దొరికింది గానీ పిల్ల లేదు. తడిక అడుగున చిన్న కంత, అందులోంచి కంపెనీ గేటు కనిపిస్తోంది. దగ్గుకుంటూ బయటపడి మిట్ట వైపు పరుగెత్తింది.

రూతు అక్కడ అనీస్ బేగం చేయి పట్టుకుని నిలబడి ఉంది. తల్లిని చూడగానే బేగం వెనక్కి నక్కింది.

"పొగొస్తున్నదని బేగం నానీ పిలిస్తే వచ్చిన. కొడ్తవా అమ్మా?"

సుకుమారి నేల మీద కూలబడి పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"కొట్ట బిడ్డా. బూచోడంటే భయం కాలేదా?"

"బూచోడు లేడు. కంతల నుంచి రోజూ సూస్త. సైరన్ కూస్తే గేట్ల నుంచి నువ్వే వస్తవు."

సుకుమారి పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఎర్క ఉండి, మరి రోజూ మంచం కింద ఎందుకు దాక్కున్నవు?"

రూతు కొంగు అంచుతో తల్లి కళ్లు తుడిచింది.

"నువ్వు ఏడ్వకుంట పనికి పోతవని."