మురిగిపోయే సెలవు

డిసెంబరు ముప్పై ఒకటి పొద్దున్నే సృజన ఇంటిల్లిపాదికీ ఒక అబద్ధం చెప్పింది.

"ఇయ్యాల ఆఫీసుల ఆడిటున్నది. లేటయితది. ఫోన్ జెయ్యకుండ్రి."

చెప్పి గిరుక్కున పొయ్యివైపు తిరిగింది. అబద్ధం చెప్పి మొహం చూపించడం ఆమెకు చేతకాదు.

ఆడిటూ లేదు, గీడిటూ లేదు. ఆమె పెట్టింది సెలవు. ఈ ఏడాది కోటాలో మిగిలిన ఒకే ఒక్క సీఎల్. ఇవాళ వాడకపోతే సాయంత్రం ఆఫీసు మూసే వేళకు అది మురిగిపోతుంది.

మొన్న సెలవుల రిజిస్టరు చూసే షాహీన్ మేడం పిలిచి మరీ చెప్పింది. "నీదొకటి మిగిలింది సృజనా. తీస్కో. గవర్నమెంటుకేమన్న దానమిస్తవా?"

అప్పుడే తన పేజీ మొత్తం చూసుకుంది సృజన. జనవరిలో రెండు, బిడ్డ శ్రేయకు జ్వరం. మార్చిలో మూడు, అత్తమ్మ కంటి ఆపరేషను. మేలో పెద్దపల్లిలో మరిది పెళ్లి. రెండు రోజులు నిలబడి వడ్డిస్తే కాళ్లు బూరెల్లా ఉబ్బాయి. శ్రేయ కాలేజీ అడ్మిషను లైన్లో ఒకటి పోయింది. జూలైలో ఒకటి ఎందుకు పెట్టిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తన కోసమైతే మాత్రం కాదు. ఇక పండుగ సెలవులంటారా, అవి సెలవులని ఒప్పుకునే ఆడమనిషి ఎక్కడైనా ఉంటే దండేసి దండం పెట్టాలి.

అందుకే ఈ ఒక్కటీ తనకు. గుడికి కాదు, సినిమాకు కాదు. నిద్రకు. పట్టపగలు, "సృజనా" అని గానీ "అమ్మా" అని గానీ ఎవ్వరూ పిలవని చోట కడుపునిండా నిద్రపోవాలి.

చోటు కూడా చూసిపెట్టుకుంది. భగత్‌నగర్‌లో అన్న దేవదాస్ ఇల్లు. వాళ్లంతా ఊటీ పోయారు. పూలకుండీలకు నీళ్లు పొయ్యమని తాళంచెవులు వీళ్లకిచ్చి పోయారు.

"ఏడాది ఒడ్సిపోయింది," అంది అత్తమ్మ జానకీబాయి చాయ్ గ్లాసు అందుకుంటూ. "బాసర తీస్కపోతమంటిరి. గా సరస్వతమ్మను సూడకుండనే పోతనేమో."

"సెలవులు లెవ్వే అవ్వా," అన్నాడు శ్యాంసుందర్ తల్లితో. అతను సృజన భర్త, రోజూ బస్సెక్కి జమ్మికుంట మార్కెట్ ఆఫీసుకు పోయి వచ్చే గుమాస్తా. "నాయి అక్టోబర్లనే ఒడ్సినయ్. సృజనయి గూడ అయిపోయినయ్."

"అవునత్తమ్మా," అంది సృజన, కూరలో గరిటె తిప్పుతూ.

పాపం అనిపించింది. ఒక్క రోజుంటే చాలు, పొద్దున పోయి రాత్రికి రావచ్చు బాసర. ముసలామె ముచ్చట దొంగిలించి తను ముసుగుతన్ని పడుకుంటుందా? ఛీ, ఏం మనిషిని నేను, అనుకుంది. చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా.

"అమ్మా, నా సాక్స్ ఏవీ?" అని శ్రేయ.

"చాయ్‌ల షక్కర్ తక్కువైంది బిడ్డా," అని అత్తమ్మ.

"తువ్వాల ఏడున్నదే?" అని భర్త.

సృజన తెరిచిన నోరు మూసుకుంది. వచ్చే ఏడు మొదటి సీఎల్ బాసరకే, ఒట్టు, అని మనసులోనే మొక్కుకుని తువ్వాల వెతకబోయింది.

శ్యాంసుందర్ తొందర తొందరగా తయారయ్యాడు. అతని మొహమూ పీక్కుపోయి ఉంది. "యార్డుకు పత్తి మస్తుగొస్తుంది. గా లొల్లిల ఫోన్ ఇనవడది. నాకు గూడ జెయ్యకుండ్రి," అంటూ చెప్పులేసుకున్నాడు.

"టిఫిన్ మరవకుండ్రి," అని డబ్బా చేతికిచ్చింది. ఈయనకైనా ఒక రోజు సుఖం లేకపాయె అని జాలిపడింది.

అతను పోయాక ఫ్రిజ్ మీద చూస్తే రెండు తాళంచెవుల్లో ఒకటే ఉంది. రెండోది అత్తమ్మ ఎక్కడ సర్దిందో! వెతికే ఓపిక లేదు. ఉన్నదే సంచిలో వేసుకుని ఆటో ఎక్కింది. దారి పొడుగునా ఆవులింతలే.

అన్న ఇంటి గేటు తీసి మెట్లెక్కింది. తాళంచెవి బయటికి తీసింది.

తలుపుకు తాళం లేదు. ఊరికే దగ్గరగా వేసి ఉంది.

దొంగలు! అన్నావదినలు ఇల్లు నమ్మి తన చేతిలో పెట్టి పోయారు. భర్తకు ఫోన్ చేసింది. స్విచ్ఛాఫ్. ఇరుగు పొరుగును పిలుద్దామా? పిలిస్తే, ఆఫీసు టైములో ఇక్కడికెందుకొచ్చావని అడగరూ? సాయంత్రానికల్లా అత్తమ్మ చెవిన పడదూ? ఒక్కగానొక్క సెలవు, అదీ ఇట్లా తగలబడాలా అని ఏడుపొచ్చింది. వరండాలో మూలకున్న చీపురుకట్ట అందుకుని, చప్పుడు కాకుండా లోపలికి నడిచింది.

హాల్లో అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పడకగదిలోంచి గురక వినిపిస్తోంది. తొంగి చూస్తే, వదిన మంచం మీద ఎవడో నిండా రగ్గు కప్పుకుని పడుకున్నాడు. ఎంత ధైర్యం వీడికి!

"ఎవడ్రా నువ్వు? లే!" చీపురు పైకెత్తి అరిచింది.

రగ్గు తొలగించి, ఆమె చేతిలోని చీపురునూ భుజానున్న టిఫిను సంచినీ కళ్లు నులుముకుంటూ చూసి, మెల్లగా గోడవైపు జరిగి చోటిస్తూ శ్యాంసుందర్ అన్నాడు, "నీకు గూడ ఒకటి మిగిలిందా?"