ఉలి మీద గీత

నూరే మిషను చెడిపోవడంతో ఆ ఉదయం నా కొత్త ఉలిని నేనే సానరాయి మీద పెట్టాను. నూరేకొద్దీ, మిషను గరుకులో కనపడని గీత, ఇనుమూ ఉక్కూ అతుక్కున్న చోటు, బయటపడింది. తాడు పట్టి గీసినంత తిన్నగా ఉంది.

కొలిమిలో కాల్చి చేత్తో కొట్టిన ఉలికి ఆ గీత వంకర్లు పోతుంది. ఇది ఫ్యాక్టరీలో అతికించిన ముక్క.

తిన్నగా మికి అనే ఊరెళ్ళి, కమ్మరి తోకిజో ముందు దాన్ని పడేశాను.

"ముప్పయ్యేళ్ళుగా గుళ్ళు కడుతున్న వడ్రంగిని. నీ ముద్ర ఉన్న ఉలి తప్ప ఇంకోటి ముట్టలేదు. నాకే ఈ మోసమా పెద్దాయనా?"

ఆయన బుకాయించలేదు.

"చెయ్యి వణుకుతోంది హరునోబూ. సుత్తి పట్టడం మానేసి ఎనిమిదేళ్ళయింది."

"ఎనిమిదేళ్ళా? అన్నీ ఇలాంటివేనా?"

"అన్నీ. మొదటిది నీకే ఇచ్చాను. నూరిన రోజే పట్టేస్తావు, వచ్చి నాలుగు తిడతావు, ఆ వంకతో కొలిమి ఆర్పేద్దామనుకున్నా. నువ్వేమో ఏటా వచ్చి, పొగిడి, ఇంకోటి పట్టుకుపోయావు."

ఉలి తీసి నా చేతిలో పెట్టాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నా ఉలిని రాయి మీద పెట్టలేదటయ్యా?"